కేరవాన్ ట్రైలర్ కిటికీ చీలింది, డీలర్ వారంటీ రాదంటున్నాడు: ఇప్పుడు ఏం చేయాలి?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదండి. మీది అమలాపురం దగ్గర. కారు వెనక తగిలించుకునే కేరవాన్ ట్రైలర్ కొని పది నెలలైంది. వారంటీ ఏడాదే కాబట్టి ఇంకా రెండు నెలలే ఉంది. ఎడమ పక్క వెనక కిటికీకి పై బందు దగ్గర మొదలై జానెడు పొడవున చీలిక వచ్చింది. ఆ కిటికీకి ఉండే రెండు పలకల మధ్య ఆవిరి పట్టింది. మొన్నటి వాయుగుండం వానకి లోపల పరుపు ఒక మూల తడిసింది. డీలర్‌కి ఫోన్ చేస్తే బండి చూడకుండానే "రాయి తగిలి ఉంటుంది, వారంటీ రాదు" అన్నాడు. ఊళ్ళో ఫిట్టరేమో సిలికాన్ పూసేస్తే సరిపోతుందంటున్నాడు.

ముందు ఆ సిలికాన్ మాట మర్చిపోండి. మీ క్లెయిము నిలబడాలన్నా, పోవాలన్నా ఈ నాలుగైదు రోజుల్లో మీరు ఆ కిటికీ మీద చెయ్యి వేశారా లేదా అన్నదాని మీదే ఉంది.

రావులపాలెంలో టూరిస్టు బస్సులకి, కోనసీమలో షూటింగులకి వచ్చే కేరవాన్లకి 19 ఏళ్ళుగా అద్దాల పని చేస్తున్నాను. అంతకు ముందు నాలుగేళ్ళు ఒక బాడీ బిల్డింగ్ కంపెనీలో వారంటీ కాగితాలు చూసే సీట్లో ఉన్నాను. ఆ సీట్లోకి వచ్చిన క్లెయిముల్లో సులువుగా కొట్టేసేవి ఏవంటే, ఎవరో ఒకరు ముందే సిలికాన్ పూసినవే. "బయటివాళ్ళు పని చేశారు" అని ఒక్క లైను రాస్తే ఫైలు మూసేయొచ్చు. నిజంగా కంపెనీ తప్పే అయినా దాన్ని చూపించే ఆధారం ఆ పూత కింద పూడిపోతుంది.

పనిపరంగా చూసినా అది నష్టమే. కేరవాన్ కిటికీలు చాలావరకు గాజు కాదు, అక్రిలిక్ అనే గట్టి ప్లాస్టిక్. బజారులో దొరికే మామూలు సిలికాన్‌లో వెనిగర్ వాసన వచ్చే రకం ఉంటుంది కదా, అందులోంచి వచ్చే ఆసిడ్ అక్రిలిక్‌కి పడదు, అల్యూమినియంని కూడా తినేస్తుంది. పైగా సిలికాన్ ఒకసారి అంటిన చోట రేపు ఇంకే ప్యాకింగూ సరిగా పట్టదు. కొత్త కిటికీ బిగించే రోజున ఆ మేస్త్రి గోడంతా గీకుతూ కూర్చోవాలి.

మరి వాన వస్తే ఎలా అంటారా? బయట నుంచి మందపాటి పాలిథిన్ షీటు కప్పండి. కిటికీకి, దాని ఫ్రేముకి దూరంగా, గోడ మీద మాత్రమే టేపు అంటించండి. టేపు కింద నుంచి కాకుండా పై అంచున ముందు వేయాలి, లేకపోతే నీళ్ళు షీటు వెనక్కి దిగుతాయి. కప్పే ముందే ఫోటోలు తీసుకోవడం మర్చిపోకండి.

ఫోటోల సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే అసలు పని ఇదే. సాయంత్రం వెలుగు తగ్గాక టార్చి తీసుకుని కిటికీకి ఎదురుగా కాకుండా పక్క నుంచి, దాదాపు పలకకి ఆనించినట్టు వేయండి. పగలు కనపడని గీతలన్నీ వెండి తీగల్లా మెరుస్తాయి. ఇప్పుడు చీలిక ఎక్కడ మొదలైందో చూడండి. ఒక కొస సన్నగా, జుట్టులా పోయి ఆగిపోతుంది. అది చీలిక చివర. రెండో కొస కొంచెం వెడల్పుగా, తెల్లగా ఉంటుంది. సాధారణంగా అదే మొదలు. ఆ మొదలు దగ్గర గోరుతో నెమ్మదిగా రాయండి. రాయి తగిలితే బయటి పలక మీద ఆవగింజంత గుంట ఉంటుంది, గోరు అందులో పడుతుంది. దాని చుట్టూ చిన్న చిన్న గీతలు నక్షత్రంలా విచ్చుకుని ఉంటాయి. గుంట లేకుండా, బందు స్క్రూ దగ్గరో పలక అంచునో మొదలై వంపు తిరుగుతూ లోపలికి పోతే అది దెబ్బ కాదు, బిగింపు వల్లో ఒత్తిడి వల్లో వచ్చింది. మీరు బందు దగ్గర మొదలైందని రాశారు. గుంట లేకపోతే మీ క్లెయిముకి చాలా బలం ఉంది.

అలా ఎందుకు చీలుతుందో తెలిస్తే డీలర్‌తో మాట్లాడటం తేలిక. అక్రిలిక్ వేడికి గాజు కంటే సుమారు ఎనిమిది రెట్లు ఎక్కువ సాగుతుంది. మీటరు పొడవు పలకకి 30 డిగ్రీల తేడా వస్తే రెండు మిల్లీమీటర్లు పెరుగుతుంది. గాజైతే సుమారు పావు మిల్లీమీటరే. రోహిణీ కార్తెలో తెల్లవారుజాముకీ మిట్టమధ్యాహ్నానికీ ముదురు రంగు పలకకి ఆ 30 డిగ్రీల తేడా సులువుగా వస్తుంది. ఆ రెండు మిల్లీమీటర్లకి చోటు ఉండాలి. బందు స్క్రూలు మరీ బిగించినా, గోడలో కోసిన కంత చిన్నదై ఫ్రేము నలిగినా, ఆ ఒత్తిడంతా స్క్రూ రంధ్రం మీద పడుతుంది. కొన్ని నెలల పాటు ప్రతి రోజూ అలా లాగి వదులుతూ ఉంటే ఒకరోజు అక్కడి నుంచే చీలుతుంది. అందుకే ఇలాంటి చీలికలు కొన్న వెంటనే రావు, ఒక వేసవి గడిచాక బయటపడతాయి.

మూడేళ్ళ కింద రాజోలు వైపు నుంచి ఒక కుటుంబం ఇలాంటి బండినే తెచ్చింది. వాళ్ళ డీలర్ కూడా రాయి తగిలిందనే రాసిచ్చాడు. నేను కిటికీ విప్పలేదు. డీలర్ తరఫు టెక్నీషియన్ వచ్చేదాకా ఆగి, కిటికీని లోపలి వైపు నుంచి పట్టి ఉంచే రింగును ఆయన చేతే విప్పించాం. చూస్తే పై మూల దగ్గర కంత తక్కువ కోసి, ఫ్రేమును సుత్తితో కొట్టి ఎక్కించినట్టు అల్యూమినియం మీద నొక్కులు కనిపించాయి. అక్కడ స్కేలు పెట్టి ఫోటో తీశాం. ఆ టెక్నీషియన్ మంచివాడు, వాదించకుండా జాబ్ కార్డు మీద, అంటే చూసిన లోపం, చేసిన పని రాసిచ్చే కాగితం మీద, అదే రాసి సంతకం పెట్టాడు. ఆరు వారాల్లో కిటికీ వచ్చింది. అదే మేము ముందే విప్పేసి ఉంటే ఆ నొక్కులు మేము చేసినవే అనేవారు. మీరు కూడా ఎంత తెలిసిన మేస్త్రి చేతైనా సరే, వాళ్ళ మనిషి లేకుండా ఒక్క స్క్రూ కూడా తిప్పించవద్దు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఇంకొకాయన దిండి దగ్గర కొబ్బరి తోటలో బండి పెట్టి, ఏమీ పడలేదని నాతో గట్టిగా చెప్పాడు. టార్చి వేసి చూస్తే బయటి పలక మీద పై నుంచి కిందికి గీసుకుపోయిన చార, దాని చివర పగులు. అది మట్ట పడిన గుర్తు. వారంటీ అడగవద్దని చెప్పాను. మీ చీలిక మొదట్లో గుంటో గీతో కనపడితే మీరూ నిజాయితీగా ఇన్సూరెన్సుకే వెళ్ళండి, దాని గురించి కింద రాశాను. తప్పుడు కారణం చెప్పి అడిగితే, రేపు నిజంగా నీళ్ళు కారే సమస్య వచ్చినప్పుడు కూడా మీ మాట నమ్మరు.

ఫోటోలు నాలుగు రకాలుగా ఉండాలి. దూరం నుంచి బండి మొత్తం, ఏ కిటికీయో తెలిసేలా. దగ్గర నుంచి చీలిక, పక్కన స్కేలు పెట్టి. మొదలు దగ్గర టార్చి వెలుగులో. నాలుగోది పలక మూలన అచ్చు వేసిన గుర్తు, అంటే తయారీదారు పేరు, ఆమోద సంఖ్య. యూరప్ నుంచి వచ్చే కిటికీల మీద గుండ్రంలో E అనే ఇంగ్లీషు అక్షరం, పక్కన 43R అని ఉంటుంది. 43 అనేది వాహనాల అద్దాలకి ఉన్న ఐక్యరాజ్యసమితి నిబంధన నంబరు. ఈ గుర్తు ఉంటే ఏ కంపెనీ ఏ మోడల్ కిటికీయో డీలర్ వెతకాల్సిన పని ఉండదు. వీడియో కూడా ఒకటి, మాట్లాడుతూ, ఆ రోజు తేదీ చెబుతూ తీయండి.

ఇక ఆవిరి. ఇది చాలామందికి టెన్షన్ పెట్టే విషయం, కానీ దాన్ని ప్రధాన ఫిర్యాదుగా రాయకండి. రెండు గాజు పలకల్ని సీలు చేసిన కిటికీలో ఆవిరి వస్తే సీలు పోయినట్టే, అది లోపమే. అక్రిలిక్ అలా కాదు, అది తేమను కొద్దికొద్దిగా తనలోంచి పోనిస్తుంది. మన డెల్టా గాలిలో ఉన్న తేమకి రెండు పలకల మధ్య మంచులా పట్టడం మామూలే. ఆ కిటికీల తయారీదారులు కూడా దాన్ని లోపంగా ఒప్పుకోరు. అందుకే పలక మూలన చిన్న బిరడా పెడతారు. పొడి వాతావరణంలో దాన్ని తీసి కొన్ని రోజులు ఉంచితే ఆరిపోతుంది, తర్వాత మళ్ళీ పెట్టేయాలి. మీ విషయంలో మాత్రం చీలిక ఉంది కాబట్టి ఆ బిరడా కూడా ఇప్పుడు ముట్టుకోకండి. అడుగున నీళ్ళు నిలబడి అటూ ఇటూ కదులుతుంటే, చీలికలోంచి నీళ్ళు దిగాయనడానికి అది సాక్ష్యం. వీడియో తీసి ఉంచుకోండి.

పరుపు తడిసిందన్నారు. నీళ్ళు చీలికలోంచి వచ్చాయా, ఫ్రేము చుట్టూ ప్యాకింగులోంచి వచ్చాయా అన్నది తేలాలి. రెండూ వేరు వేరు లోపాలు. ప్యాకింగు అయితే బండి తయారు చేసినవాళ్ళది, పలక అయితే కిటికీ కంపెనీది. షీటు తీసి, ఒకరు లోపల టార్చితో కూర్చుని, ఇంకొకరు బయట గొట్టంతో నీళ్ళు పోయండి. ప్రెషర్ పంపు వద్దు, మామూలు కుళాయి ధార చాలు. కింది అంచు నుంచి మొదలుపెట్టి పది నిమిషాలు పోసి, తర్వాత పక్కలు, ఆఖరున పై అంచు. పై నుంచి మొదలుపెడితే నీళ్ళు అన్ని చోట్లకీ పారి ఎక్కడ కారిందో తెలియదు. లోపలి మనిషి ఫ్రేము చుట్టూ టిష్యూ కాగితం ఆనిస్తూ పోతే మొదటి చుక్క ఎక్కడ పడిందో వెంటనే తెలుస్తుంది. గోడ ప్లైవుడ్ మెత్తబడిందా, ఉబ్బిందా వేలితో నొక్కి చూడండి. ఉబ్బితే అది కూడా క్లెయిములో రాయాలి. కిటికీ ఒక్కటే రాస్తే, కొత్త కిటికీ పెట్టాక కుళ్ళిన గోడ మీకే మిగులుతుంది.

ఇది చదివే మిగతావాళ్ళకి ఇంకో మాట. మీది పై బందు మీద తెరుచుకునే కిటికీ కాబట్టి ఇది మీకు వర్తించదు కానీ, పక్కకి జరిగే కిటికీ ఉన్నవాళ్ళు ముందు కింది గాడిలో ఉండే చిన్న కంతలు చూసుకోవాలి. మన వైపు కందిరీగలు వాటిలో మట్టి గూళ్ళు పెడతాయి. కంత మూసుకుంటే నీళ్ళు లోపలికే పొంగుతాయి. అది వారంటీ కాదు, చీపురు పుల్లతో పోయే పని.

ఇప్పుడు వారంటీ పుస్తకం తీయండి. నాలుగు చోట్ల గీత పెట్టుకోండి. అద్దాలు, కిటికీలు వేరే కంపెనీ వారంటీ కిందకి వస్తాయని ఉందా? నీళ్ళు కారడానికి విడిగా వారంటీ ఉందా, దానికి ఏటా తేమ పరీక్ష చేయించాలనే షరతు ఉందా? యూరప్ బళ్ళకి ఈ షరతు తరచుగా ఉంటుంది. పని కూలీ, బండిని షెడ్డుకి తెచ్చే ఖర్చు ఎవరిది? అద్దెకి ఇస్తే వారంటీ చెల్లదని ఉందా? ఈ ఆఖరుది మీకు ముఖ్యం, ఎందుకంటే హోమ్‌స్టే అతిథులకి బండిని ఇస్తున్నామని మీరే రాశారు. ఆ షరతు ఉంటే దాచకండి. కిటికీ బిగింపులో తప్పు ఉంటే అద్దెకి ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ తప్పు ముందు నుంచీ ఉన్నదే అని వాదించాలి, అంతే.

డీలర్‌కి ఇక ఫోన్ చేయడం ఆపండి. ఫోన్ మాటకి రుజువు లేదు. ఈమెయిల్ పంపి, కాపీ తయారీ కంపెనీకి పెట్టి, అదే కాగితం స్పీడ్ పోస్టులో రసీదుతో పంపండి. భాష సాదాగా ఉంటే చాలు: "ఫలానా తేదీన కొన్న ఫలానా ఛాసిస్ నంబరు ట్రైలర్‌కి ఎడమ వెనక కిటికీ పై బందు దగ్గర చీలిక వచ్చింది. ఫలానా తేదీన గమనించాను. చీలిక మొదట్లో దెబ్బ గుర్తు లేదు, ఫోటోలు జత చేశాను. వానకి లోపలికి నీళ్ళు వస్తున్నాయి. వారంటీ ఫలానా తేదీ వరకు ఉంది. మీ టెక్నీషియన్‌ని పంపి నా సమక్షంలో పరిశీలించి, జాబ్ కార్డు ఇవ్వండి. తిరస్కరిస్తే వారంటీలో ఏ షరతు ప్రకారమో రాతపూర్వకంగా తెలపండి. మరింత పాడవకుండా పైన షీటు మాత్రమే కప్పాను, ఏ మరమ్మతూ చేయించలేదు." ఇందులో చివరి రెండు వాక్యాలు తీసేయకండి. షరతు చూపించమని అడిగితే "రాయి తగిలి ఉంటుంది" అనే మాట కాగితం మీదికి అంత తేలిగ్గా రాదు. ఇక తేదీ. విడిభాగం విదేశాల నుంచి రావడానికి నెలలు పట్టొచ్చు. ఈలోగా వారంటీ గడువు దాటినా, గడువులోపే ఫిర్యాదు చేశారనడానికి ఆ ఈమెయిలే ఆధారం.

ఏ ద్రావకంతో తుడిచారని వాళ్ళు తప్పకుండా అడుగుతారు. స్పిరిట్, పెట్రోలు, థిన్నర్, అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ ఇవన్నీ అక్రిలిక్‌ని దెబ్బ తీస్తాయి, పలకంతా సన్నటి వెంట్రుక గీతలు పడతాయి. 2020లో శానిటైజర్ కొట్టి తుడిచిన కిటికీలు ఎన్ని నా షెడ్డుకి వచ్చాయో. దోమల క్రీముల్లో కొన్నిటికీ ప్లాస్టిక్‌ని పాడు చేసే గుణం ఉంది, కాబట్టి అతిథులు క్రీము చేతులతో గొళ్ళెం తీస్తుంటే చెప్పండి. సబ్బు నీళ్ళు, మెత్తటి గుడ్డ తప్ప ఇంకేదీ వాడకండి. మీరు నిజంగా సబ్బు నీళ్ళతోనే తుడిచి ఉంటే అదే రాయండి.

టెక్నీషియన్ చూసి నిజంగా దెబ్బే అని తేల్చితే ఇన్సూరెన్సు. సొంత నష్టం పాలసీ ట్రైలర్‌కి కూడా ఉందో లేదో చూడండి, కారు పాలసీలో అది దానంతట అదే రాదు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. మామూలు మోటారు పాలసీలో గాజు భాగాలకి తరుగుదల కోయరు, కానీ ప్లాస్టిక్ భాగాలకి 50 శాతం కోస్తారు. అక్రిలిక్ ప్లాస్టిక్కే కాబట్టి సర్వేయరు సగం కోయవచ్చు. తరుగుదల కోయని జీరో డిప్రిసియేషన్ కవరు తీసుకున్నవాళ్ళకి ఈ బాధ ఉండదు. క్లెయిము చేస్తే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము లేని ఏడాదికి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది, మొదటి ఏడాది తర్వాత అది 20 శాతం. కిటికీ ధర ఎంతో తెలుసుకుని ఈ రెండూ లెక్క వేసుకున్నాకే క్లెయిము పెట్టండి.

వాళ్ళు లిఖితంగా తిరస్కరించినా, నెల దాటినా జవాబు ఇవ్వకపోయినా 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. చాలా కంపెనీలు అక్కడే దిగివస్తాయి. లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే చోటే కేసు వేయవచ్చు, డీలర్ హైదరాబాద్‌లో ఉన్నా అక్కడికి వెళ్ళక్కర్లేదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్ళు. బండి కొన్న ధర 50 లక్షల వరకు జిల్లా కమిషన్ చూస్తుంది. ఫీజు అయిదు లక్షల లోపు ధరకి ఏమీ లేదు, పది నుంచి ఇరవై లక్షల మధ్య అయితే 400 రూపాయలు. లోపం పరీక్ష చేస్తే గానీ తేలదనుకుంటే కమిషన్ దాన్ని ల్యాబుకి పంపగలదు. మీరు బండిని అద్దెకి ఇస్తున్నారు కాబట్టి "వ్యాపారానికి కొన్నాడు, వినియోగదారుడు కాదు" అని అవతలివాళ్ళు అంటారు. స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసమే కొన్నవాళ్ళకి చట్టంలో మినహాయింపు ఉంది. హోమ్‌స్టే మీరూ మీ ఇంటివాళ్ళూ స్వయంగా నడుపుతుంటే ఆ సంగతి ఫిర్యాదు మొదట్లోనే రాయండి.

చివరగా, కొత్త కిటికీ బిగించే రోజు మీరు అక్కడే ఉండండి. కంత నాలుగు వైపులా ఫ్రేము ఒత్తుకోకుండా సందు ఉందా చూడండి. పాత ప్యాకింగు పూర్తిగా గీకి తీయాలి. కొత్తగా బ్యూటైల్ టేపు (బంకగా అంటుకునే ప్యాకింగు టేపు) చుట్టూ తెగకుండా వేసి, అతుకు కింది అంచున కాకుండా పై అంచున వస్తే విప్పించి మళ్ళీ వేయించండి. స్క్రూలు ఒక మూల బిగించాక ఎదురు మూలకి వెళ్ళాలి, వరసగా తిప్పుకుంటూ పోకూడదు. టేపు ఒత్తుకుని బయటికి కొద్దిగా పొంగితే చాలు, ఇంకా తిప్పితే మళ్ళీ అదే బందు దగ్గర చీలుతుంది. బయటికి తీసుకెళ్ళే ముందు నేను పైన చెప్పినట్టే కింది నుంచి నీళ్ళు పోయించండి. ఆ పరీక్ష అయి లోపల పొడిగా ఉందని చూసుకున్నాకే జాబ్ కార్డు మీద సంతకం పెట్టి, పాత కిటికీని వాళ్ళకి అప్పగించండి.